మీ అత్తయ్య పేరున్న కప్ప

జూన్ 3

మామయ్యగారికి,

నమస్కారం. ఇక్కడ మేమిద్దరం కులాసా. ఆఫీసు మారాక మీ అబ్బాయి పొద్దున్నే లేస్తున్నారు. ఈ ఊళ్ళో ఈ ఏడాది జరిగిన వింత అదొక్కటే.

ఫోనులో మీకు సగమే వినిపిస్తోందని, ఆ సగంతోనే పోట్లాటకి దిగుతున్నారని అత్తయ్యగారు చెప్పారు. ఈ మాట సగం వింటే మరీ ప్రమాదం కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కుర్చీలో కూర్చుని చదవండి.

ముప్పయ్యేళ్ళ క్రితం ఇటుకబట్టీల వెనక చిత్తడినేలలో మీరు పట్టి, కొత్త జాతి అని లోకానికి చెప్పి, అత్తయ్యగారి పేరు పెట్టిన పొదకప్ప ఇప్పుడు మా మ్యూజియంలోనే ఉంది కదా. పొదకప్పలన్నిటినీ మళ్ళీ మొదటినుంచి వర్గీకరించే పని ఈ ఏడు నా నెత్తిన పడింది. అందులో భాగంగా మీ సీసా తెరిచాను. మీరు ఫార్మలిన్ కాకుండా స్పిరిట్ వాడబట్టి ఇన్నేళ్ళయినా డీఎన్‌ఏ చెక్కుచెదరలేదు. తొడ దగ్గర బియ్యపుగింజంత ముక్క తీసి చూశాను. నమ్మకం కుదరక మళ్ళీ చూశాను.

అది కొత్త జాతి కాదు మామయ్యగారూ. పల్లపు పొలాల్లో ఎక్కడ పడితే అక్కడ కనిపించే మామూలు పొదకప్పే. దానికి నూరేళ్ళ క్రితమే ఎవరో పేరు పెట్టారు. ఒకే జంతువుకి రెండు పేర్లుంటే ముందు పెట్టిందే నిలుస్తుందని, రెండోది పక్కకి తప్పుకోవాలని మూడో బెంచీలో కూర్చున్న నాకు నేర్పింది మీరే. అప్పటికి నేను మీ కోడలిని అవుతానని మీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇది పేపరుగా రాయాలి. రాస్తాను. మీరు ఇంకెవరి నోటో వినడం కంటే నా చేతి రాతలో చదవడం మేలనిపించింది. అత్తయ్యగారికి మాత్రం మీరే చెప్పండి. అంత ధైర్యం నాకు లేదు.

మీ కోడలు

జూన్ 11

కోడలికి,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి ఇంకా ఎక్కువ వచ్చింది.

నీ సీసాలో ఉన్నది చచ్చిన కప్ప. నేను పేరు పెట్టింది బతికున్న కప్పకి. దాని గొంతు వేరు. మామూలు పొదకప్ప తుప్పు పట్టిన గొలుసు లాగినట్టు గరగరమంటుంది. మా కప్ప మూడుసార్లు టిక్కుటిక్కుమని కొట్టి, చివర సన్నగా ఒక ఈల వేస్తుంది. వాన వెలిసిన సాయంత్రం మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఈ చెవులతోనే విన్నాను. అప్పుడవి పాము చెవులు. గొంతు వేరైతే ఆడకప్ప దగ్గరికి రాదు, ఆడకప్ప రాకపోతే పిల్లలుండవు, అందుకే అవి రెండు జాతులు. ఇదే ప్రశ్న పరీక్షలో ఇస్తే నువ్వు పేజీన్నర రాశావు. మార్కులు కూడా వేశాను, ఇప్పుడు బాధపడుతున్నాను.

అసలు దీని వెనక ఎవరున్నారో నాకు తెలియదనుకోకు. ప్రతి సదస్సులోనూ లేచి నిలబడి "అది నిజంగా వేరే జాతేనా అని నా సందేహం" అనే పెద్దమనిషికి సందేహాలరావు అని పేరు పెట్టింది నేనే. ఆ ఒక్క పేరు మీద మాత్రం ఇంతవరకూ ఎవరికీ సందేహం రాలేదు. ఆయన మీ మ్యూజియం కమిటీలో ఉన్నాడని విన్నాను. ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అనలేదు. బయటివాళ్ళు ముప్పయ్యేళ్ళు తంటాలు పడి చేయలేని పని మా ఇంటి కోడలి చేత చేయిస్తున్నాడు.

మన ఇంటికి ఎవరు కొత్తగా వచ్చినా "ఈవిడ పేరు మీద ఒక కప్ప ఉంది" అని నేను చెప్తాను. మీ అత్తయ్య వెంటనే "కాఫీ తాగుతారా" అని మాట మారుస్తుంది. సిగ్గు. ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, నీ కప్ప ఉత్తిదేనట అని చెప్పమంటావా? చెప్పను. నువ్వు కూడా చెప్పడానికి వీల్లేదు.

నా కప్పని దించడం నీ తరం కాదు. నీ వెనక ఉన్నవాడి తరం కూడా కాదు.

కప్పల మాస్టారు

జూన్ 19

మామయ్యగారికి,

సందేహాలరావుగారు కమిటీలోంచి ఎప్పుడో తప్పుకున్నారు. మోకాళ్ళ ఆపరేషను చేయించుకుని మనవరాలికి సైకిలు నేర్పుతున్నారట. ఆయన్ని వదిలేయండి. ముక్క కోసింది నేను, చూసింది నేను, రాస్తున్నది నేను. తిట్లన్నీ నా పేరు మీదే పంపండి, అందుకుంటాను.

బతికున్న కప్పకి పేరు పెట్టానంటున్నారు. పేరు అలా పెట్టరని నాకంటే మీకే బాగా తెలుసు. "మూల నమూనా ఇదీ" అని మీరు అచ్చులో ఏ ఒక్క కప్పని చూపించారో, పేరు దాని కాలికే కట్టి ఉంటుంది. మీ సీసాలో చాలా కప్పలున్నాయి కానీ ఎర్రదారంతో చీటీ కట్టింది ఒక్కదానికే. నేను పరీక్షించింది దాన్నే. పొరపాటున పక్కదాన్ని తీశానేమో అనుకుంటున్నారు కదూ? లేదు. ఆ దారం ముడి కూడా మీదే. మీరు చెప్పుల లేసు కట్టుకునే ముడి అది.

క్లాసులో ఒకడు పాఠ్యపుస్తకంలో ఉన్నది కాక కళ్ళతో చూసింది రాసి, పుస్తకం రాసినాయన తప్పని భయంభయంగా అన్నప్పుడు మీరేమన్నారో గుర్తుందా? "కప్పకి మీ గురువెవరో తెలియదురా, రాయి" అన్నారు. ఈ కప్పకీ నేను మీ కోడలినని తెలియదు మామయ్యగారూ.

మీ పట్టంతా గొంతు మీదే ఉంది కాబట్టి, మా పొలాల వైపు నేను రికార్డు చేసిన మామూలు పొదకప్ప అరుపులు పెన్‌డ్రైవ్‌లో పెట్టి పంపుతున్నాను. మీ పాత టేపులతో పోల్చి చూడండి. పార్శిల్ వస్తే మీరు గుమ్మం దాకా లేవరు కాబట్టి పైన అత్తయ్యగారి పేరు రాశాను. ఈ ఉత్తరం కూడా అందులోనే పెడుతున్నాను.

మీ అబ్బాయిని సలహా అడిగితే "నేను కప్పల్లో వేలు పెట్టను" అన్నారు. గోడ మీద పిల్లికి ఇంతకంటే మంచి గోడ దొరకదు.

మీ కోడలు

జూలై 1

మ్యూజియం క్యూరేటర్‌గారికి,

వినపడనివాడికి పాటల కానుక పంపారు. సంతోషం.

అది నా చేతికి రాలేదు. పార్శిల్ మీద ఎవరి పేరుంటే వాళ్ళే విప్పుతారన్న చిన్న విషయం ఇంత చదువుకున్న మీకు తట్టలేదు. మీ అత్తయ్య విప్పింది, ఉత్తరం గుమ్మంలో నిలబడే చదివింది. చదివి "ఓహో" అంది. అంతే. అరిచినా బాగుండేది.

అప్పటినుంచి వెనక గదిలో తలుపేసుకుంటోంది. పిలిస్తే పలకదు. భోజనానికి వచ్చి, గోడకేసి చూస్తూ తిని, మళ్ళీ లోపలికి పోతుంది. నిన్న కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కూరలో ఉప్పు లేదు. నేను నోరు మెదపకుండా తిన్నాను. కాపురం మొదలైనప్పటినుంచి ఇంత నెమ్మదిగా నేను ఏ భోజనమూ చేయలేదు.

నేను ఆవిడకి ఇల్లు కట్టించలేదు. నగలు చేయించలేదు. కాలేజీ క్వార్టర్సులో, నిచ్చెన మెట్ల మీద పాముల సీసాలు పెట్టుకుని ఇన్నేళ్ళు ఉంచాను. ఇవ్వగలిగింది ఒక్కటే ఇచ్చాను, ఒక కప్పకి ఆవిడ పేరు పెట్టాను. అది లోకం ఉన్నన్నాళ్ళు ఉంటుందనుకున్నాను. దాన్ని మీరు బియ్యపుగింజంత ముక్కతో లాగేసుకున్నారు.

మీరు నిజం చెప్పారు, నా ఇల్లు మూగబోయింది. ఆ నిజాన్ని ఫ్రేము కట్టించి మీ ఆఫీసులో పెట్టుకోండి. నేను మాత్రం ఒప్పుకోను. మీ పేపరు వచ్చిన మర్నాడే దాన్ని ఖండిస్తూ నాది బయల్దేరుతుంది. చెవులు పోయాయి గానీ చెయ్యి పడిపోలేదు.

ఇట్లు,
ఒకప్పుడు మీకు పాఠం చెప్పినవాడు

జూలై 8

మామయ్యగారికి,

మీరు నన్ను "గారు" అన్నారు. నాలుగు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఆ ఉత్తరం చదివి ఏడ్చాను. ఏడవడం అయ్యాక మొహం కడుక్కుని లాబ్‌కి వెళ్ళాను, లెక్కలన్నీ మళ్ళీ సరిచూశాను. ఏమీ మారలేదు.

మీ అబ్బాయి కూడా గోడ దిగారు. "ఒక కప్ప కోసం మా అమ్మని ఏడిపించాలా?" అన్నారు. "మీ అమ్మ కోసం కప్పని మార్చాలా?" అన్నాను. ప్రస్తుతం మా వంటగదిలో కూడా మాటలు తగ్గాయి. కూరలో ఉప్పు మాత్రం సరిగ్గానే పడుతోంది.

మీరు ఖండిస్తే ఖండించండి. అచ్చులో పోట్లాడుకుందాం, అది గౌరవమే. కానీ అత్తయ్యగారి సంగతి వేరు. ఈ కవర్లోనే ఆవిడకి విడిగా చీటీ పెడుతున్నాను. మీరు చదవకూడదు. ఎలాగూ చదువుతారు కాబట్టి అందులో ఏముందో ఇక్కడే చెప్పేస్తాను. "అత్తయ్యా, మీరు వద్దంటే పేపరు ఆపేస్తాను. మామయ్యగారు వద్దంటే ఆపను."

మీ కోడలు
(గారు కాదు)

జూలై 15

అమ్మాయీ,

ఎవరు మూగబోయారు? మీ మామయ్య నీకేం రాశారో నీ చీటీ చూశాక ఆయన చేతే చెప్పించాను.

చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న మనిషిని తలుపవతల నుంచి పిలిస్తే ఏం పలుకుతుంది? కళ్ళు ఎర్రబడింది అటక మీది టేపుల దుమ్ము దులిపినందుకు. గోడకేసి చూసింది విన్నది మర్చిపోకుండా మనసులో లెక్క పెట్టుకుంటున్నందుకు. ఉప్పు మర్చిపోయిన మాట నిజమే. మీ మామయ్య దాన్ని కూడా శోకంలో కలిపేసి నీకు టపాలో పంపారు.

నేను రేడియో స్టేషన్‌లో రికార్డిస్టుగా పనిచేసి రిటైరయిన మనిషినని ఈ కుటుంబంలో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. వార్తలు చదివేవాడు మధ్యలో మింగిన గుటకని చెవితో పట్టుకుని కత్తిరించేదాన్ని. ఆ చిత్తడినేలలో మైకు పట్టుకున్నది నేను. ఆయన పట్టుకున్నది వల.

నీ పెన్‌డ్రైవ్ విన్నాను. తర్వాత నా టేపులన్నీ విన్నాను. నా టేపులో ఉన్నది ఒకరు కాదు, ఇద్దరు. నీటి అంచున గరగరమనేవాడు నీ మామూలు పొదకప్పే, అందులో అనుమానం లేదు. పైన కొమ్మల్లోంచి మూడు టిక్కులు, ఒక ఈల. అది వేరే జీవి. ఒకే వాటాలో అద్దెకున్నంత మాత్రాన ఇద్దరూ చుట్టాలైపోరు కదా. మీ మామయ్య ఈల విన్న మాట నిజం. తీరా పట్టినవన్నీ బల్లమీద పోసి, చారలు తీరుగా ఉన్నదాన్ని, బొద్దుగా ఉన్నదాన్ని ఎంచి ఎర్రదారం కట్టారు. అది నీటి అంచున దొరికింది. పాడింది ఒకరు, దండ పడింది ఇంకొకరి మెడలో. అరుపుని బట్టి ఎంచండి, అందాన్ని బట్టి కాదని ఆ రోజే చెప్పాను. "నీకేం తెలుసు" అన్నారు. ఆ తర్వాత దానికి నా పేరే పెట్టారు.

కొమ్మల మీద పట్టినవి కూడా అదే సీసాలో ఉంటాయి. కాస్త బక్కగా ఉంటాయి, వేళ్ళ చివర్లు వెడల్పు. వాటిలోంచి ముక్క తీసి చూడు.

పేపరు ఆపుతానని ఇంకెప్పుడూ నాతో అనకు. నేను ఏడుస్తానని నిజాన్ని దాచిపెట్టే కోడలు నాకక్కర్లేదు. అలా దాచిపెట్టడానికి ఈ ఇంట్లో ఒకాయన ఉన్నారు, చాలు. మా వాడితో చెప్పు, అమ్మ ఏడవడం లేదు, మళ్ళీ గోడెక్కి కూర్చోమని.

మీ అత్తయ్య

ఆగస్టు 20

అత్తయ్యకి, మామయ్యగారికి,

ఇద్దరికీ కలిపే రాస్తున్నాను. ఎవరు ముందు విప్పినా రెండోవారికి చదివి వినిపించాలి, లేదా రాసి చూపించాలి.

అత్తయ్య చెప్పినట్టే బక్కగా ఉన్నవి విడదీశాను. చూడగానే తేడా తెలియలేదు. భూతద్దం కింద వేళ్ళు చూశాక తెలిసింది. ముక్కలు తీసి పరీక్షించాను. అవి మామూలు పొదకప్పలు కావు. ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టిన ఏ పొదకప్పా కావు. మామయ్యగారూ, మీరు చెప్పిన కొత్త జాతి నిజంగానే ఉంది. ముప్పయ్యేళ్ళుగా ఆ సీసాలోనే, పేరున్న కప్ప పక్కనే ఉంది.

నేను ఒక్క కప్పని చూసి సీసా అంతా అదేననుకున్నాను. ఆ మాట పేపరులో కూడా రాస్తాను.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, అత్తయ్య పేరు ఎర్రదారం కప్పకే కట్టుబడి ఉంది. దారం విప్పి పక్క కప్పకి కట్టడానికి రూల్స్ ఒప్పుకోవు. ఎర్రదారం కప్ప మామూలు పొదకప్ప కాబట్టి ఆ పేరు పాత పేరు కింద మునిగిపోవాల్సిందే. అచ్చయిన పేరు కాబట్టి అదే పేరుని మళ్ళీ ఇంకో పొదకప్పకి పెట్టడమూ కుదరదు. ఈలకప్పకి కొత్త పేరు వెతకాలి. రెండు పేపర్లవుతాయి. ఒకటి పాత పేరు తీసేయడానికి, ఇంకొకటి కొత్త జాతిని చెప్పడానికి.

మామయ్యగారూ, మీరు ఇంకా ఖండిస్తానంటే మీ ఇష్టం. కలిసి రాద్దామంటే నాకు ఇంకా ఇష్టం.

మీ కోడలు

ఆగస్టు 29

తల్లీ,

"గారు"ని వెనక్కి తీసుకుంటున్నాను. నీకు పరీక్షలో వేసిన మార్కులు నీ దగ్గరే ఉంచుకో.

రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు భూతద్దం తీసి నా పాత బొమ్మలు చూసుకున్నాను. వేళ్ళ చివర్లు నేనే వెడల్పుగా గీశాను, ఎర్రదారం కప్పవి కావు అవి. గీసిన చెయ్యి చూసింది, కళ్ళు చూడలేదు. సరే.

అయితే ఒక షరతు. ఆ పేరు కొట్టేసే పేపరు నేను రాస్తాను. నా పేరు ముందు, నీ పేరు వెనక. ముప్పయ్యేళ్ళు ఆ కప్పని అందరి మీదా పడి కాపాడింది నేను, దాన్ని దించే హక్కు కూడా నాదే. సందేహాలరావు సైకిలు దిగి "నేను ముందే అన్నాను" అనేలోపు నేనే అనేస్తాను. నా తప్పుని నేను కొట్టేసుకుంటే అది పాండిత్యం, వాడు కొడితే అవమానం. ఆ ముచ్చట వాడికి దక్కనివ్వను.

ఇక కొత్త కప్ప. మీ అత్తయ్య పేరు మళ్ళీ పెట్టడానికి లేదంటున్నావు. పుట్టింటివారి ఇంటిపేరు ఉందిగా, అది పెడదాం. రూల్సుకీ అడ్డం రాదు, ఆవిడ కప్ప ఆవిడకి దక్కుతుంది. ఆవిడతో మాత్రం అనకు. అచ్చయ్యాక తీసుకెళ్ళి ముందు పెడతాను. ఈసారైనా మొహం వెలగాలి.

మామయ్య

ఆగస్టు 30

అమ్మాయీ,

ఈయన కవరు అంటించి పోస్టు చేయమని నా చేతికే ఇచ్చారు. చదివాను. చదవకూడదనుకుంటే జిగురు సరిగ్గా రాయాలి. ఇది కూడా అదే కవర్లో వేస్తున్నాను.

నన్ను మళ్ళీ కప్పని చేస్తున్నారు. మళ్ళీ అడగకుండానే.

ఆ మొదటి పేపరు బయటికి తీసి చదివాను. అందులో గొంతు గురించి రెండు పేజీలున్నాయి. టిక్కుకీ టిక్కుకీ మధ్య ఎంత ఎడం, ఈల ఎక్కడ సన్నబడుతుంది, వాన పెరిగితే ఎలా మారుతుంది, అన్నీ నేను విని రాసిచ్చినవే. రాసినవారి దగ్గర పేరు ఒక్కరిదే. అడిగితే, "నీ పేరు కప్పకే ఉందిగా, ఇంకెక్కడ పెట్టను" అన్నారు. అప్పుడు నాకూ సబబే అనిపించింది. తర్వాత ఎవరో పెద్దమనిషి ఇంటికి వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "అయితే మీరేనా కప్ప" అన్నాడు. ఆ రోజే టేపులు అటక ఎక్కించాను.

మీ మామయ్య ప్రేమతోనే చేశారు. అందులో నాకు అనుమానం లేదు, కోపం కూడా చాలావరకు పోయింది. మిగిలిన కాస్తనీ పోగొట్టుకోవాలని లేదు, దానితో పని ఉంది. నేను విన్నాను. విన్నదానికి, విన్న మనిషిగా నా పేరు ఉండాలి. సీసాలో స్పిరిట్‌లో మునిగి ఉండటం నాకు అక్కర్లేదు.

అందుకని చెప్తున్నాను. కొత్త కప్పకి నా పేరు వద్దు, మా పుట్టింటి పేరూ వద్దు. ఆ పేపరు రాసేవాళ్ళలో నా పేరు ముందుండాలి. తర్వాత నువ్వు. మీ మామయ్య మూడు, వల పట్టుకున్నందుకు. పేరు పెట్టేవాళ్ళు తమ పేరు తామే పెట్టుకోవడం మర్యాద కాదని మీ శాస్త్రంలో అంటారట కదా. మంచిది, ఆ బెడద కూడా వదిలింది.

ఈ సంగతి ఆయనకి కాగితం మీద పెద్దక్షరాలతో రాసి చూపించాను. "మూడా?" అన్నారు. మూడే అన్నాను. లేచి వెళ్ళి, అటక మీద ఇంకా ఏమైనా టేపులు మిగిలాయేమోనని నిచ్చెన వేశారు. తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు.

పేరు కూడా అనుకున్నాను. టేపంతా వింటే తెలుస్తుంది. నీటి అంచున ఉన్నవాడు గరగర మొదలుపెట్టడం ఆలస్యం, పైనున్నది అందుకుంటుంది. వాడి మాట పూర్తి కానివ్వదు. ఎక్కడ విన్నా అంతే. "ఎదురు చెప్పేది" అని అర్థం వచ్చేలా లాటిన్‌లో ఏమంటారో నువ్వు చూసి రాయి.

అరిచేవి మగకప్పలు కదా, చెప్పేది అంటావేమిటి, చెప్పేవాడు అనాలి అని మీ మామయ్య అభ్యంతరం పెట్టారు. పేరు పెడుతున్నది నేను అన్నాను.

మీ అత్తయ్య